మొదటి పడవ ఆగిన పొద్దున

జూన్ పద్నాలుగు. ఆ మధ్యాహ్నం నేను తిన్నది మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. పప్పు అడుగంటలేదు. నా భార్య బుజ్జమ్మ పోయిన ఈ మూడేళ్ళలో నా చేతి పప్పు అడుగంటకుండా పొయ్యి దిగడం అరుదు. అందుకే ఆ తారీకు అలా గుర్తుండిపోయింది. తిని, గిన్నె అడుగున మిగిలిన కాస్తా గరిటెతో గీరి సాయంత్రానికి మూత పెట్టి, చెయ్యి కడుక్కుంటుండగా ఫోను గంట కొట్టింది.

సముద్రం సంగతి చెప్పే సందేశం అది. రోజూ వస్తుంది. రేపు గాలి ఎంత, అల ఎంత, వాన ఉందా లేదా అని. చాలా రోజులు చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. ఆ రోజు ఉంది. ఎక్కడో దక్షిణాన, మనకు పేరు కూడా తెలియని చోట రేగిన పెద్ద గాలికి లేచిన అలలు సముద్రమంతా దాటుకుని వస్తున్నాయట. రేపు తెల్లవారినప్పటి నుంచి ఎల్లుండి రాత్రి దాకా మన తీరాన్ని కొడతాయట. చిన్న పడవల్ని ఒడ్డు నుంచి దింపవద్దన్నారు. గాలి మాత్రం తక్కువే, వాన లేదు, ఆకాశం నిర్మలంగా ఉంటుందని కూడా రాశారు.

నాకు భయం వేసింది ఆ చివరి మాటకే.

నేను నరసాపురంలో బీఎస్సీ చదివాను. ఫిజిక్సు. చదువయ్యాక మా నాన్నగారి కొట్టులో కూర్చున్నాను, ఇంకా అక్కడే కూర్చున్నాను. బియ్యం, పప్పులు, బీడీలు, వలలకు తాళ్ళు, పడవలకు రంగు డబ్బాలు అమ్మడానికి ఫిజిక్సుతో పని లేదు. ఈ సందేశాలు రావడం మొదలయ్యాకనే ఆ చదువు కాస్త పనికొచ్చింది. గాలికి ఇక్కడికిక్కడ లేచే అలలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తాయి, కళ్ళకు కనబడుతూనే ఉంటాయి. దూరం నుంచి వచ్చేవి అలా కాదు. చాలాసేపు సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంటుంది. ఇదేనా పెద్ద అలలంటే అనుకుంటాం. అంతలో నాలుగైదు పెద్ద కెరటాలు వరసకట్టి వస్తాయి. వచ్చి విరిగి వెళ్ళాక మళ్ళీ పళ్ళెంలో నీళ్ళే.

మా పాలెం ఒడ్డుకు ఎదురుగా, కాస్త లోపల, నీటి అడుగున ఇసుక మేట ఉంది. అలలు విరిగేది దాని మీదే. ఇక్కడి పడవలకు రేవు లేదు. ఇసుక మీద నుంచి తోసి, అల చూసుకుని, మేట దాటాలి. దాటితే సముద్రం. దాటకముందు అల విరిగితే పడవ బోర్లా పడుతుంది. మా పాలెంలోని చిట్టియ్య ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది అలా బోర్లా పడ్డ పడవ వల్లే. తల మిగిలింది, అదే పదివేలు అంటాడు వాడు.

కొట్టు గోడకు నల్లబల్ల ఉంది. సందేశంలో ఏముందో సాయంత్రం దాని మీద రాస్తాం. రాస్తాం అంటే, బుజ్జమ్మ రాసేది. నా అక్షరాలు చీమలు పాకినట్టుంటాయని నన్ను రాయనిచ్చేది కాదు. మీటర్లు, సెకన్లు ఎవరికి పడతాయండీ అని, అలకు గుర్తుగా వంకర గీత గీసేది. ఒక గీతంటే మామూలు. రెండు గీతలంటే చూసుకుని వెళ్ళాలి. మూడు గీతలంటే పడవ దింపవద్దని. మాటల్లో రాయకపోవడానికి ఇంకో కారణం ఉంది. వేటకు బయలుదేరే మనిషికి ఈ పాలెంలో ఎవరూ వద్దని చెప్పరు. ఎక్కడికి అని అడగరు. అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపు ఆగి మళ్ళీ బయలుదేరాలి. అది తప్పదు. ముప్పై ఏళ్ళకు పైగా కొట్టు తెల్లవారుజామునే తీసేది బుజ్జమ్మ. ఒక్కసారి కూడా ఆ మాట ఆమె నోట రాలేదు. అగ్గిపెట్టెకు చెయ్యి చాస్తే అగ్గిపెట్టె ఇచ్చి, ‘మళ్ళీ రండి’ అనేది. అంతే. ఆ మాట కోసమే ఆ వేళకు మా కొట్టుకు వచ్చేవాళ్ళుండేవారు.

నేను నిచ్చెనపీట వేసుకుని, బల్ల తుడిచి, మూడు గీతలు గీశాను. ఆమె గీసినంత బాగా రాలేదు కానీ, అలలని తెలుస్తోంది.

మామూలు రోజైతే ఆ గీతలకు ఇంత కథ ఉండేది కాదు. వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ మగవాళ్ళు వలలు అల్లుకుంటూ, పడవలకు రంగులు వేసుకుంటూ, మా కొట్టు అరుగు మీద పేకాడుకుంటూ గడిపారు. మర్నాడు పొద్దున్నే పాలెం మొత్తం దిగాలి. కాకపోతే అన్నీ ఒక్కసారి దిగవు. ముందు ఒకే ఒక పడవ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గాజులు తీసుకుని మేట దాటి వెళ్ళి గంగమ్మకు ఇచ్చి రావాలి. అది వచ్చేదాకా ఇంకో పడవ తడవదు. ఆ మొదటి పడవ వంతు ఏటా ఒక్కో ఇంటికి వస్తుంది. వచ్చిన ఇల్లు భయపడో, మనసొప్పకో ఆగిపోతే వంతు పక్కింటికి పోతుంది. మళ్ళీ పాలెమంతా తిరిగి ఆ ఇంటికి రావాలంటే పిల్లల తరం వస్తుంది.

ఆ ఏడు వంతు రాముడిది. వాళ్ళ నాన్నకు రాలేదు. వచ్చేలోపు ఆయన చనిపోయాడు.

అరుగు మీద పేకాడుతున్నవాళ్ళు ముక్కలు దించి బల్ల వైపు చూశారు. ఆ వేళకు సముద్రం మీద గాలి ఊపిరి కూడా లేదు. ఎండ పసుపు ముద్దలా ఉంది.

“ఏంటండీ షావుకారుగారూ, ఇవాళ సుద్దముక్క ఎక్కువైందా?” అన్నాడు లోవరాజు.

“నేను కాదయ్యా, ఫోనులో వచ్చింది.”

“కిందటేడు కూడా ఫోనులోనే వచ్చిందండి. మూడు గీతలు గీశారు. ఆ రోజు సముద్రం ఎలాగుంది? మా అత్త వండిన పులుసులాగుంది. అందులో ఏ అలా లేదు, ఏ ముక్కా లేదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజమే మరి. కిందటేడు సందేశం తప్పింది. తప్పినందుకు అప్పుడు నేను సంతోషించాను, ఇప్పుడు ఆ సంతోషమే అడ్డం వచ్చింది.

త్రిమూర్తులు అరుగు చివర కూర్చుని ఉన్నాడు. పాలెం పెద్ద. నా ఈడువాడే. ఆయన నవ్వలేదు. బల్ల వైపు చూసి, సముద్రం వైపు చూసి, “రాముడు ఏమంటాడో రాముడిష్టం. వంతు వాడిది” అన్నాడు. అంతకంటే ఆయన కూడా ఏమీ అనలేడు.

దీపాల వేళకు రాముడి భార్య లోవలక్ష్మి వచ్చింది. కొబ్బరికాయలు, కర్పూరం, పసుపు, కుంకుమ అడిగింది. నేను పొట్లాలు కడుతుంటే బల్ల ముందు నిలబడింది. గీతల్ని వేలితో గాలిలో దిద్దినట్టు చేసింది.

“మూడే కదండీ?”

“మూడే అమ్మా.”

“రేపు పొద్దున్నేనా?”

“తెల్లవారినప్పటి నుంచి అన్నారు. వెలుగొచ్చాక ఎప్పుడైనా కావచ్చు. ముందు ఏమీ ఉన్నట్టుండదు. అదే ఇబ్బంది.”

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది. “మా తమ్ముడు చిట్టియ్య బోర్లా పడ్డ రోజూ అలాగే ఉందండి. అద్దంలాగ. వెనక తెడ్డు దగ్గర రేపు వాడే కూర్చుంటాడు.”

“రాముడికి చెప్పి చూడరాదూ?”

“నేనాండీ? రేపు పొద్దున్న పడవకి బొట్టు పెట్టి పంపాల్సిందాన్ని నేను. నా నోటితో వద్దంటే ఇంకేమైనా ఉందా? అయినా ఆయన చూశాడండి మీ గీతలు. సాయంత్రం రెండుసార్లు ఇటే నడిచాడు. చూసి ఇంటికొచ్చి అన్నం తినలేదు. వెళ్తే ఆ అలలున్నాయి. ఆగితే భయపడి ఆగాడంటారు, వంతు పోద్ది. వాళ్ళ నాన్న ఫొటో ముందు కూర్చున్నాడు.”

పొట్లాలు సంచిలో పెట్టాను.

“ముక్కుపొడుం ఒక పొట్లం ఇవ్వండి” అంది. “మా అత్తకి.”

ఇచ్చాను. సంచి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నా వైపు చూడకుండా, బయట చీకట్లోకి చూస్తూ అంది.

“ఎవరైనా ఎక్కడికి అని అడిగితే కూర్చోవాల్సిందే కదండీ. అలా కూర్చుంటే వంతు పోదు.”

“ఎవరు అడుగుతారమ్మా, అలాంటి రోజున?”

“ఎవరూ అడగరండి. మీ కొట్లో అయితే అసలే అడగరు. బుజ్జమ్మగారున్న రోజుల నుంచీ పాలెమంతా ఎరుగుదురు.” సంచి ఇంకో చేతికి మార్చుకుని, “అందుకేనండి” అని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి దాచిన పప్పు కలుపుకుని కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. ఏమీ అడగలేదామె. ఏమీ అడగకుండానే నా చేతిలో ఏదో పెట్టి వెళ్ళింది. పడుకుని చాలాసేపు ఆలోచించాను. బుజ్జమ్మ ముప్పై ఏళ్ళు నోట రానివ్వని మాట. ఆమె కూర్చున్న చోట కూర్చుని నేను అనాలి. అంటే, సందేశం కిందటేటిలాగే తప్పితే? రెండు నెలలు ఎదురుచూసిన రోజును నేను చెడగొట్టినవాడినవుతాను. ఆ ఇంటి పండగ మీద నీళ్ళు చల్లినవాడినవుతాను. అనకపోతే, సందేశం నిజమైతే? ఆ ఆలోచనను ముందుకు వెళ్ళనివ్వలేదు. కిటికీలోంచి చల్లగాలి తగిలింది. ఆ గాలికి ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. నిద్ర పట్టడమే ఒక మేలు అనుకునే వయసు వచ్చింది నాకు.

డప్పు చప్పుడుకు మెలకువ వచ్చింది. కొట్టు తలుపులు తీసేసరికి తూర్పు తెల్లబడుతోంది. పాలెమంతా ఒడ్డు మీదే ఉంది. రాముడి పడవకు కొత్తగా నీలం రంగు వేశారు, ముక్కుకు పసుపు పూసి బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. ఆ నీలం రంగు డబ్బా మా కొట్టులోదే. ఆ వెలుతురులో పడవ చాలా బాగుంది. ఆడవాళ్ళు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. రాముడు తలంటు పోసుకుని, తడి జుట్టుకు కొత్త తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. వాడి మొహం మాత్రం పండగ మొహం కాదు.

సముద్రం వైపు చూశాను. లోవరాజు చెప్పిన పులుసే. మేట మీద నురగ చుక్క కూడా లేదు.

నా కాళ్ళు కొట్టు మెట్ల మీదే ఆగిపోయాయి. ఒక్క నిమిషం, మానేద్దామనిపించింది. అప్పుడు చిట్టియ్య పడవ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తూ కనబడ్డాడు. ఎడమ కాలు ఇసుకలో చిన్న చాలు గీస్తోంది. త్రిమూర్తులు చెయ్యెత్తాడు. పదిమంది పడవకు భుజాలు ఆనించారు. రాముడు కొబ్బరికాయ పట్టుకుని పడవ మీద చెయ్యి వేశాడు.

నేను ఇసుకలోకి దిగి నాలుగడుగులు వేసి, నాకే వినబడనంత చిన్నగా మొదలుపెట్టి, “ఎక్కడికి రాముడూ, ఇంత పొద్దున్నే?” అన్నాను.

డప్పు ఆగిపోయింది. పడవకు ఆనిన భుజాలు ఆనినట్టే ఉండిపోయాయి. ఆడవాళ్ళలో ఎవరో “అయ్యో” అన్నారు.

త్రిమూర్తులు నా వైపు తిరిగాడు. “మూర్తిగారూ, మీరాండీ అడిగింది?”

“నేనే త్రిమూర్తులూ. ఏదో నోరుజారింది.”

“ఇన్నేళ్ళూ జారనిది ఇవాళే జారాలాండీ?” అన్నాడు లోవరాజు. వాడి గొంతులో ఈసారి హాస్యం లేదు. ఇంకెవరో నా వెనక, “పెళ్ళాం పోయాక ఆయనకి మతి నిలవట్లేదురా, ఏమనకండి” అన్నారు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. నా తప్పును అంత తొందరగా, అంత దయగా కప్పేసినందుకు ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

“కూర్చో రాముడూ” అన్నాడు త్రిమూర్తులు. “మంచినీళ్ళు తాగండి.”

లోవలక్ష్మి బిందె తెచ్చింది. ముగ్గురు నలుగురికి సరిపోయే చెంబు కాదు. నిండు బిందె. నేను గమనించాను. ఇంకెవరూ గమనించలేదు. రాముడు ఇసుకలో కూర్చుని గ్లాసు అందుకుని నన్ను ఒకసారి చూశాడు. నీళ్ళు చాలా నెమ్మదిగా తాగాడు.

మళ్ళీ లేచారు. మళ్ళీ డప్పు. పదిమందీ పడవకు ఆనారు. సముద్రం అలాగే ఉంది. ఇంకోసారి నేను అడగలేను. ఒకసారి నోరుజారడం, రెండోసారి కావాలని అనడం అవుతుంది. అంతలో రాముడి తల్లి బేబీ వాళ్ళ ఇంటి అరుగు మీద లేచి కూర్చుంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఆమె పుట్టినప్పుడు ఆ పేరు పెట్టినవాళ్ళు ఇలా ముసలిదవుతుందని అనుకుని ఉండరు. గొంతు మాత్రం తగ్గలేదు.

“ఒరే రాముడూ! అందర్నీ వేసుకుని ఎక్కడికిరా?”

త్రిమూర్తులు తల పట్టుకున్నాడు. “ముసలమ్మా, నీ కొడుకు ఎక్కడికెళ్తున్నాడో నీకు తెలీదా?”

“తెలిస్తే అడుగుతానేంట్రా? నాకేం గుర్తుంటది ఈ వయసులో.”

“నిన్నటి పేకాటలో ఎవడు ముక్క దాచాడో గుర్తుంది కదా నీకు.”

“అది వేరు. అది నువ్వే.”

ఒడ్డంతా నవ్వు లేచింది. అప్పటిదాకా బిగిసి ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. రాముడు మళ్ళీ కూర్చున్నాడు. లోవలక్ష్మి గ్లాసు నింపింది. వెలుగు బాగా వచ్చేసింది. మామిడాకుల మీద ఎండ పడుతోంది. నేను మేట వైపే చూస్తున్నాను. దూరంగా, సముద్రం ఆకాశాన్ని కలిసే చోట, గీత కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నట్టు అనిపించింది. కళ్ళజోడు తుడిచి చూశాను. ఏమీ లేదు.

మూడోసారి లేచినప్పుడు త్రిమూర్తులు గట్టిగా చెప్పాడు. “ఇంక ఎవరూ నోరు తెరవకండి. ముసలమ్మ దగ్గర ఒకళ్ళు కూర్చోండి. మూర్తిగారూ, మీరు ఇటు వచ్చి నా పక్కన నిలబడండి.” వెళ్ళి నిలబడ్డాను. పడవ కదిలింది. ముక్కు నీళ్ళను తాకింది. రాముడు ఎక్కాడు. వెనక చిట్టియ్య ఎక్కి తెడ్డు పట్టుకున్నాడు. నడుము దాకా నీళ్ళలో ఉన్నవాళ్ళు ఆఖరి తోపు తోయబోతున్నారు.

చిట్టియ్య తుమ్మాడు.

ఒంటి తుమ్ము. ఒడ్డంతటికీ వినబడింది. తుమ్మి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “అలవాటు లేదు కదండీ” అన్నాడు. ఏది అలవాటు లేదో ఎవరూ అడగలేదు. నాకు మాత్రం రాత్రి కట్టిన ముక్కుపొడుం పొట్లం గుర్తొచ్చింది.

రాముడు పడవలోనే నిలబడి బావమరిది వైపు చూశాడు. తర్వాత అరుగు మీద తల్లి వైపు చూశాడు. నా వైపు చూశాడు. చివరికి ఒడ్డున బిందె పట్టుకుని నిలబడ్డ లోవలక్ష్మి వైపు చూశాడు. ఆమె తల దించుకుని ఇసుక చూసుకుంటోంది. వాడికి అంతా అర్థమైంది. నేనైతే వాడు కసురుకుంటాడనుకున్నాను. వాడు నడుములోతు నీళ్ళలోకి దూకి, పడవ ముక్కు పట్టుకుని ఒడ్డు వైపు తిప్పాడు.

“లాగండి. కూర్చుందాం” అన్నాడు. అప్పటిదాకా వాడి మొహంలో ఉన్న బిగువు పోయింది.

పడవను ఇసుక మీదికి లాగి, రాముడు మూడో గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి, సముద్రం లేచింది.

ముందు చప్పుడు లేదు. దూరంగా ఉన్న గీత లావైంది. లావైన గీత దగ్గరికొచ్చి, మేట దగ్గర నిలువుగా గోడలా లేచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారే విరిగింది. ఇసుక కింద నుంచి అదురు నా పాదాలకు తెలిసింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకా పెద్దది. తెల్లటి నురగ పరుగెత్తుకొచ్చి ఆడవాళ్ళ కాళ్ళు దాటి, పేర్చిన వలల్ని తడిపి, నీలం పడవను పక్కకు తోసింది. పదిమందీ దాన్ని పట్టుకుని వేలాడారు. నీళ్ళు వెనక్కి పోయాక చూస్తే పడవ ముక్కుకు పెట్టిన బొట్లు లేవు. మామిడాకులు లేవు. మేట మీద, ఆ పడవ ఈపాటికి ఉండాల్సిన చోట, నీళ్ళు ఉడుకుతున్నట్టున్నాయి.

ఒక పిల్లాడు ఏడ్చాడు, వాళ్ళమ్మ ఎత్తుకుంది. సముద్రం మెల్లగా సర్దుకుని మళ్ళీ పళ్ళెంలో నీళ్ళలా అయింది. మేమెవరమూ దాన్ని ఇంక నమ్మలేదు.

బేబీయే ముందు మాట్లాడింది. “ఎక్కడికిరా అంటే మీకందరికీ కోపం.”

త్రిమూర్తులు లుంగీ పిండుకుని, సముద్రానికి రెండు చేతులూ జోడించాడు. “గంగమ్మ మూడుసార్లు కూర్చోబెట్టింది. ఇంకా ఏం చెప్పాలి తల్లి? వంతు రాముడిది. కెరటం తగ్గినప్పుడే బయలుదేరతాడు. అప్పటిదాకా ఎవడి పడవా తడవదు.”

“మన పడవలు ఇప్పటికే తడిశాయి కదండీ” అన్నాడు లోవరాజు. ఆ తర్వాత వాడు నా దగ్గరికొచ్చాడు. నా కండువా మీద పడ్డ ఇసుక దులిపాడు. నాకు అది చాలు.

రాముడు అలాగే కూర్చుని ఉన్నాడు. ఖాళీ గ్లాసు భార్య వైపు చాచి, “నీళ్ళు బాగున్నాయి. ఇంకో గ్లాసు పొయ్యి” అన్నాడు. ఆమె పోసింది. కళ్ళు సముద్రం మీదే ఉంచి సగం వాడి ఒళ్ళో పోసింది. వాడు నవ్వాడు.

ఆ రోజంతా అలలు అలాగే వచ్చాయి. ఆగి ఆగి, వరసగా. మధ్యాహ్నం పాలెంలో వంటలన్నీ ఒక్క చోటే చేశారు. గంగమ్మకు మొక్కిన కొబ్బరికాయల్లో ఒకటి అక్కడే కొట్టి సగం చిప్ప నాకు పంపించారు. మా ఇంట చేప వండరని తెలుసు కాబట్టి ఎప్పుడూ నాకు ఏదో ఒకటి వేరుగా పంపుతారు. ఒకసారి ముంజలు, ఒకసారి వంకాయలు. ఆ చిప్ప తురిమి, పచ్చిమిరపకాయ వేసి పచ్చడి చేశాను. ఉప్పు సరిపోయింది. వరసగా రెండు రోజులు వంట కుదిరిందంటే బుజ్జమ్మ నమ్మదు.

సాయంత్రం సందేశం వచ్చింది. ఎల్లుండి పొద్దుటికి అలలు తగ్గుతాయని, గాలి పడమర నుంచి మామూలుగా ఉంటుందని. నేను బల్ల తుడిచి, రేపటికి మళ్ళీ మూడు గీతలు గీసి, పక్కనే ఎల్లుండికి ఒక్క గీత గీశాను. ఎల్లుండిది గీస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. రాముడు.

“ఎల్లుండి ఒకటేనాండీ?”

“ఒకటే.”

“గట్టిగా చెప్పండి షావుకారుగారూ. మళ్ళీ మా అత్త పులుసు, వీడి అత్త పులుసు అంటారు.”

“పులుసైతే ఇంకా మంచిదే కదయ్యా.”

వాడు నవ్వి అరుగు మీద కూర్చున్నాడు. సముద్రం ఒకసారి విరిగి ఆగింది. ఆ చప్పుడు ఆగేదాకా చూసి మాట్లాడాడు.

“నిన్న రాత్రి నాకు తెలుసండి. గీతలు చూశాకనే తెలిసింది. కానీ ఎలా ఆగాలో తెలీలేదు.” చేతిలో ఉన్న అగ్గిపెట్టె తిప్పుతూ, “బుజ్జమ్మగారుంటే అడిగేవారాండీ, మీరు అడిగినట్టు?” అన్నాడు.

నేను ఆలోచించాను. “ఏమోనయ్యా. ఆవిడకి నాకంటే మంచి ఉపాయమే దొరికేది. నాకు ఇదే దొరికింది.”

“బాగానే ఉందండి ఇది.” లేచి మెట్లు దిగాడు. దిగి వెనక్కి తిరిగి, “ఎల్లుండి మాత్రం అడక్కండేం” అన్నాడు.

“అడగను.”

“మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను.”

“మీ బావమరిది ముక్కు సంగతి?”

“ఆ పొట్లం పొద్దున్నే సముద్రంలో పడేశానండి” అన్నాడు.

చీకటి పడింది. నేను లోపల దీపం పెట్టి, బుజ్జమ్మ ఫొటో ముందు ఒక నిమిషం నిలబడ్డాను. ఆమెకు చెప్పాల్సింది చాలా ఉంది. నీ కొట్టులో కూర్చుని, నువ్వు అనని మాట అన్నాను, ఎవరికీ ఏమీ కాలేదు అని మాత్రం చెప్పాను. గల్లాపెట్టె మూసి, అరుగు ఊడ్చి, తలుపు దగ్గరికి వచ్చాను.

ఎదురు వీధిలో రాముడి ఇంట్లో ఇంకా వెలుగు ఉంది. గుమ్మంలోంచి నాకు లోపల మంచం కనబడుతోంది. తువ్వాలు మొహం మీద వేసుకుని రాముడు అప్పుడే నిద్రపోయాడు. అరుగు మీద బేబీ గుర్రు పెడుతోంది. గోడవారన చిట్టియ్య చెప్పులు, రాముడి చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. లోవలక్ష్మి ఖాళీ బిందె బోర్లించి, బయటికొచ్చి సముద్రం వైపు ఒకసారి చూసింది. మేట మీద పెద్ద కెరటమొకటి విరుగుతున్న చప్పుడు పాలెమంతా పరచుకుంటోంది. ఆమె ఆ చప్పుడు పూర్తయ్యేదాకా నిలబడింది. తర్వాత రెండు జతల చెప్పులూ ఎత్తి లోపల పెట్టి, నిద్రపోతున్న మనిషికి మెలకువ రాకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.